చుక్కకు దారి

మా ఇంట్లో మనుషులం ఇద్దరం, కుక్కలు నాలుగు. ఏ విషయానికైనా చేతులెత్తమంటే మేమే ఓడిపోతాం. నులకమంచం మీద ఎవరు పడుకోవాలి, అంబలి ఎన్నింటికి కాగాలి, కొత్త మనిషి వాకిట్లోకి వస్తే రానివ్వాలా వద్దా, అన్నీ అవే తేల్చేస్తాయి. నేను అరుస్తాను. నా అరుపు వాటికి అలవాటైపోయింది.

మా తోట అక్కుపల్లికి ఇవతల, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఉంది. ఎకరంన్నర కొబ్బరి, రెండెకరాల జీడి, మధ్యలో రేకుల ఇల్లు. నా పేరు తవిటమ్మ. అంగన్‌వాడీలో ముప్పై మూడేళ్లు పిల్లలకు పాటలు నేర్పి, పప్పూ అన్నం పెట్టి, కిందటేడు రిటైరయ్యాను. మా ఆయన ధర్మారావు నాకు సొంత మేనత్త కొడుకు. పెళ్లయి నలభై ఏళ్లయినా ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. ఆయనకు కోపం రాదు. నాకు ముక్కు మీదే ఉంటుంది. ఇద్దరి వాటా నేనే వాడేస్తున్నానని ఆయన అంటాడు.

నాలుగింటిలో పెద్దది చుక్క. నల్లటి ఒళ్లు, నుదుట రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. పద్నాలుగేళ్లు నిండాయి. రెండేళ్లుగా కళ్లను తెల్లటి పొర కమ్మేసింది, చెవులు కూడా అంతంతమాత్రమే. దాని తర్వాత టైగరు. చుక్క కడుపున పుట్టినదే, తిత్లీ తుపానుకు ముందు ఏడాది. వెడల్పాటి ఛాతీ, పోలీసు మొహం. మూడోది జీడి. మూడేళ్ల కిందట పూండి స్టేషను దగ్గర మా ఆయన బండి వెంటపడి తోట దాకా పరిగెత్తుకొచ్చింది. ఎన్నిసార్లు తరిమినా అంటుకుని వదల్లేదు కాబట్టి ఆ పేరు పెట్టాను. ఆఖరువాడు బుడ్డోడు. ఐదు నెలల వాడు. కొబ్బరి దింపే కన్నయ్య నన్ను అక్క వరసతో అప్పా అని పిలుస్తాడు. ఒక రోజు సంచిలోంచి కాయ తీసినట్టు వాణ్ని తీసి నా ఒళ్లో పెట్టాడు.

"ఏట్రా ఇది?" అన్నాను.

"కుక్కపిల్లప్పా."

"కుక్కపిల్లని నాకు తెల్దేటి? నాకెందుకని అడుగుతన్నాను."

"మూడుంటే ఏటి, నాలుగుంటే ఏటి? నీ ఇంట్లో అంబలికి కరువా?"

నేను తిట్టాను. తిడుతూనే వాడి పొట్ట తడిమి, లోపల ఏమీ లేదని తెలిసి, పాలు తేవడానికి లేచాను. కన్నయ్య నవ్వుకుంటూ చెట్టెక్కాడు.

పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావే, కాచి, చల్లార్చి నాలుగు సత్తు గిన్నెల్లో పోస్తాను. ఆ తర్వాత జరిగేదానికి నేను బాధ్యురాలిని కాదు. మొదట బుడ్డోడు తాగాలి. వాడు తన గిన్నె నాకేసి చుక్క గిన్నెలో మూతి పెట్టబోతే జీడి అడ్డంగా పడుకుంటుంది. చుక్క నింపాదిగా, మధ్యలో ఒక కునుకు తీసి మరీ తాగుతుంది. అది గిన్నె వదిలాకే టైగరు తన గిన్నె దగ్గరికి వెళ్తుంది. అప్పటికి అందులో రెండు ఈగలు పడుంటాయి. ముప్పై మంది పిల్లల్ని వరసలో కూర్చోబెట్టడానికి ముప్పై మూడేళ్లు నా గొంతు అరిగిపోయింది. వీటికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. రోజూ చూసేదే అయినా గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోతాను.

అంబలి అయ్యాక నాలుగూ తోట చుట్టడానికి బయల్దేరతాయి. అది చుక్క పెట్టిన అలవాటు. ఇంటి దగ్గర మొదలై, కొబ్బరి చెట్ల మధ్యగా మోటారు షెడ్డుకు, అక్కడి నుంచి జీడితోట చివర కంచె దాకా పోయి తిరిగి ఇంటికి. సాయంత్రం మరో చుట్టు. జీడిపళ్ల కాలంలో ఎలుగుబంట్లు దిగే ప్రాంతం మాది. కుక్కలు ఒక చుట్టు తిరిగొచ్చేదాకా మేము చెట్ల కిందికి వెళ్లం. కళ్లు పోయినా చుక్క ఆ పని మానలేదు. ముందు అదే నడవాలి. వెనక టైగరు, జీడి, అందరికన్నా వెనక తొండల్ని తరుముతూ బుడ్డోడు.

మధ్యాహ్నం పూట జీడిచెట్టు నీడలో అన్నీ ఒక్క కుప్పగా పడుకుంటాయి. టైగరు పొట్టకు చుక్క, టైగరు వీపుకు జీడి, జీడి మెడ మీద బుడ్డోడి తల. ముసలి ఊపిరి మెల్లగా, పసి ఊపిరి గబగబా. చుక్క కలలో కాళ్లు ఆడించిందంటే మిగతా మూడూ కళ్లు తెరవకుండానే తోకలు ఒకసారి నేలకు కొట్టి మళ్లీ నిద్రపోతాయి. ఆ కుప్ప పక్కనే చాప వేసుకుని నేనూ నడుం వాలుస్తాను. కుక్క వాసన, పండిన జీడిపండు వాసన, సముద్రపు గాలి. నా బతుకులో అంత హాయి మరెక్కడా దొరకలేదు. అలా చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మాఘం చివర, తొలి గింజలు రాలే రోజుల్లో, ఆ గొడవ నా కంటపడింది. సాయంత్రం పూట పండు నుంచి గింజ మెలిపెట్టి తీసి బుట్టలో వేసుకుంటూ తలెత్తాను. కొబ్బరి చెట్ల మధ్య ఖాళీ ఇసుకలో చుక్క నడుస్తోంది. టైగరు పక్కనుంచి వచ్చి భుజంతో దాన్ని బలంగా తోసింది. చుక్క తూలి, నిలదొక్కుకుని, మళ్లీ తన దారిన రెండడుగులు వేసింది. ఈసారి జీడి ఎదురుగా పోయి అడ్డం నిలబడింది. బుడ్డోడు దాని కాళ్ల మధ్య దూరి మొరిగాడు. మూడూ కలిసి ఆ గుడ్డిదాన్ని పక్కకు నెట్టుకుంటూ పోయాయి. అక్కడ చెట్టు లేదు, పుట్ట లేదు, ముల్లు లేదు. ఒట్టి నేల.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"బావా, నీ టైగరుకు బలుపెక్కింది. కన్నతల్లిని తోసేత్తంది," అన్నాను.

ఆయన తాడు పేనుతూ తలెత్తలేదు. "కుక్కలన్నాక తోసుకోవేటి? ఆడుకుంతన్నాయేమో."

"పద్నాలుగేల్ల ముసిల్దాంతో ఆటేటి? పెద్దరికం లాక్కుంతంది. ముందు నానే నడవాలని."

"నువ్వు అన్నీ మనుసుల్ని సూసినట్టు సూత్తావు తవిటీ."

నిజమే. ఆ రోజుల్లో నా మనసు సరిగ్గా లేదు. నా స్థానంలో వచ్చిన ప్రవల్లిక మంచి పిల్లే. రిటైరైన వారానికి పిల్లల్ని చూడబుద్ధేసి సెంటరుకు వెళ్లాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే అలవాటు కొద్దీ గరిటె అందుకున్నాను. ఆ పిల్ల నా చేతిలోంచి గరిటె తీసేసుకుని, "మీరు కూకోండి మేడం" అని కుర్చీ జరిపింది. ముప్పై మూడేళ్లు నేను తిప్పిన గరిటె అది. టీ కూడా తాగకుండా వచ్చేశాను, మళ్లీ ఆ గడప తొక్కలేదు. అందుకే చుక్కను ఆ మూడూ నెడుతుంటే నా రక్తం మరిగిపోయేది. వయసు మళ్లితే కుక్కల్లో కూడా ఇంతే కాబోలు అనుకునేదాన్ని.

ఉగాది వెళ్లిన నాలుగో రోజు చుక్క చుట్టు ముగించుకుని వచ్చేసరికి దాని ఎడమ చెవి చివర నెత్తురు. టైగరు పన్ను దిగిన గుర్తు స్పష్టంగా ఉంది. పసుపు రాస్తూ నేను అప్పుడే నిర్ణయించేసుకున్నాను.

మర్నాడు మోటారుకు వాషరు కావాలని మా ఆయన తెల్లారే పూండి వెళ్లాడు. అంబలి తాగగానే టైగరునూ జీడినీ కొబ్బరితాళ్లతో పశువులపాక గుంజకు కట్టేశాను. బుడ్డోడి మీద గింజలేరే పెద్ద బుట్ట బోర్లించాను. చుక్క ఒక్కతే వాకిట్లో నిలబడింది. వెనక ఎవరూ లేరని తెలిసిందేమో, తల అటూ ఇటూ తిప్పి వాసన చూసింది. కదల్లేదు.

"ఎల్లమ్మా. నీ తోట నీది. నిన్ను తోసీవోల్లు ఇయ్యాల నేరు," అన్నాను. దానికి వినిపించదని గుర్తొచ్చి, వీపు మీద చెయ్యేసి కొంచెం ముందుకు నెట్టాను.

చుక్క కదిలింది. పది అడుగులు వేసి ఒక కొబ్బరి మొదలుకు మూతి తగిలించుకుంది, సర్దుకుని ముందుకు సాగింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఒక ముసలిదానికి న్యాయం చేశాననుకున్నాను.

వెనక టైగరు మొరగలేదు. గొంతు లోపలెక్కడో మొదలై ఆగకుండా సాగే మూలుగు మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లలో దాని నోట అలాంటి చప్పుడు నేను వినలేదు. జీడి తాడు కొరుకుతోంది. బుడ్డోడు బుట్టతో సహా వాకిలంతా పాకుతున్నాడు. నోరు ముయ్యమని అరిచాను. టైగరు ఆపలేదు. చీపురు తీసుకుని వీపు మీద ఒకటి వేశాను. అది నా వంక చూడనైనా లేదు. తోట వైపే చూస్తూ మూలుగుతూనే ఉంది.

గంట దాటింది. మా ఆయన బండి దిగుతూనే గుంజ వైపు చూశాడు.

"ఏటే, ఈటిని కట్టీసినావు?"

చెప్పాను. గొప్పగానే చెప్పాను.

"చుక్కేది మరి?"

"తోట సుట్టడానికి ఎల్లింది."

"ఎంతసేపయ్యింది?"

నేను ఎండ వంక చూసి లెక్కేసుకున్నాను. చుట్టు తిరగడానికి అరగంట చాలు. ముసలి నడకకు ముప్పావు గంట అనుకున్నా, అది ఎప్పుడో వచ్చెయ్యాలి.

ఇద్దరం చెరో వైపు పరిగెత్తాం. వినపడదని తెలిసీ చుక్కా, చుక్కా అని కేకలు వేశాను. జీడికొమ్మలు నేలను తాకుతూ ఉంటాయి. ఒక్కో చెట్టు కింద వంగి వంగి చూశాను. మోటారు షెడ్డు వెనక చూశాను, నీళ్లతొట్టిలో చూశాను, కంచె పొడుగునా చూశాను. అడుగుల జాడ పట్టుకుందామంటే ఇసుక నిండా నాలుగింటి పాత అడుగులే. ఎలుగుబంటి ఎదురైందేమో అన్న ఆలోచన వచ్చింది. పద్నాలుగేళ్లు మా గడప కాసినదాన్ని నా చేతులతో నేనే చంపుకున్నాననిపించింది.

"బావా, నానే పంపీసినాను. ఈపు మీద సెయ్యేసి నానే తోసీసినాను," అని ఏడ్చాను.

"ఏడుపు తరవాత. ముందు ఆటిని ఇప్పు," అన్నాడాయన.

ముడులు నా చేతికి రాలేదు. ఆయనే కత్తితో తాళ్లు కోశాడు. టైగరూ జీడీ దూకాయి, బుట్ట కింది నుంచి బయటపడి బుడ్డోడు వాటి వెంటపడ్డాడు. అవి కంచె వైపు పోలేదు, జీడితోట వైపు పోలేదు. ఇంటికీ మోటారు షెడ్డుకూ మధ్య, రోజుకు పదిసార్లు మేం తిరిగే దారి పక్కనే ఆగిపోయాయి. వెతికేటప్పుడు నేను చెట్ల కింద చూశాను గానీ ఒట్టి నేల వంక చూడనేలేదు. ఆ ఒట్టి నేలలో చేటంత నల్లటి కంత ఉంది.

చుక్కా అని అరుస్తూ ఉరికాను. టైగరు వచ్చి నా మోకాళ్లకు భుజం ఆనించి తోసింది. తూలి, తప్పుకుని, మళ్లీ అడుగు వెయ్యబోయాను. జీడి అడ్డంగా నిలబడింది. బుడ్డోడు నా కాళ్ల మధ్య దూరి మొరుగుతున్నాడు. టైగరు ఈసారి నా చెయ్యి పళ్లతో పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టి వెనక్కి లాగింది. నేను వెల్లకిలా పడ్డాను. నా కాలు పడాల్సిన చోట ఇసుక మెల్లగా లోపలికి జారిపోయింది. చేటంత కంత మంచమంత అయింది. కింద ఎక్కడో నీళ్లలో ఇసుక పడిన చప్పుడు వినిపించింది.

పడినచోటి నుంచి నేను లేవలేదు. అదే తోపు, అదే అడ్డం, అదే కాటు. నెల రోజులుగా చుక్కకు చేస్తున్నదే ఇప్పుడు నాకూ చేశాయి. అది పెద్దరికం లాక్కోవడం కాదు. అవి దాన్ని కాస్తున్నాయి.

మా ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "నుయ్యే! నాయిన తవ్వించిన నుయ్యే ఇది!"

మా ఇసుక తోటల్లో వెనకటి రోజుల్లో గట్టు లేని నేలనూతులు ఉండేవి. మొక్కలకు కుండలతో నీళ్లు మొయ్యడానికి తవ్వించేవారు. మోటార్లు వచ్చాక వాటి పని అయిపోయింది. తిత్లీ వెళ్లిన మర్నాడు మా తోటలో నిలబడిన కొబ్బరి చెట్టు ఒక్కటి లేదు. పడిన చెట్లను అడిగే నాథుడు లేడు, తగలబెడదామంటే పచ్చివి. మా ఆయనా కన్నయ్యా మొదళ్లను ముక్కలు కోసి ఆ నూతిలోకి దొర్లించారు. పైన మట్టలు కప్పి, ఇసుక పోసి చదును చేసేశారు. ఒక్క దెబ్బకు నుయ్యీ పూడింది, తోటా శుభ్రపడింది అని అందరం సంబరపడ్డాం. నీళ్లలో నానే కొబ్బరి దుంగ ఎన్నాళ్లుంటుంది? ఏడేళ్లలో లోపల కుళ్లి కుంగిపోయింది. పైన వేళ్లు అల్లుకున్న ఇసుక ఒక పెంకులా మిగిలింది.

నుయ్యి ఎక్కడుందో ఎలా మరిచిపోయారని ఎవరైనా అడగొచ్చు. తోటలో గుర్తులన్నీ చెట్లే. పెద్ద పనసకు తూర్పున, జంట కొబ్బరికి దక్షిణాన, అలా చెప్పుకునేవాళ్లం. ఆ పనసా పోయింది, ఆ జంట కొబ్బరీ పోయింది. కొత్త మొక్కలు కొత్త వరసల్లో వేశాం, ఇప్పుడు కాపుకొచ్చినవి అవే. మా ఆయన లెక్కలో నుయ్యి ఇంకో యాభై అడుగులు అవతల ఉండాలి.

ఫోను చేసిన పావుగంటలో కన్నయ్య నిచ్చెనా మోకులూ వేసుకుని వచ్చాడు. నిచ్చెనను ఇసుక మీద పడుకోబెట్టి, దాని మీద బోర్లా పాకి లోపలికి చూశాడు.

"కనబడతందేట్రా?" అన్నాను.

"సీకటప్పా. ఉండు."

పాత నూతిలో చెడ్డగాలి ఉంటుందని మా ఆయన లాంతరు వెలిగించి తాడుతో దించాడు. దీపం ఆరలేదు. ఆ వెలుగులో కన్నయ్య మెడ సాచి చూశాడు, ఇంకాస్త ముందుకు పాకి మళ్లీ చూశాడు.

"సచ్చిపోనాదేట్రా? ఏదో ఒకటి సెప్పీ!"

"నేదప్పా. కూకున్నాది." వాడు తల మా వైపు తిప్పాడు. "దుంగ మీద కూకున్నాది. జానెడు దుంగప్పా. అటూ నీల్లే, ఇటూ నీల్లే. అడుగు కదిపితే పోద్ది. కదల్నేదు. మనం వత్తామని తెలిసినట్టు కూకున్నాది."

కళ్లు లేవు, చెవులు లేవు, పైన ఎవరున్నారో లేదో తెలియదు. గంటకు పైగా ఆ చీకట్లో, ఆ దుంగ మీద అలా కూర్చోవడానికి దానికి ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో నాకు అర్థం కాలేదు. నేనైతే పడిన నిమిషానికే అరిచి, గింజుకుని, నీళ్లలో మునిగిపోయేదాన్ని.

కన్నయ్య మోకు ఒక కొసను కొబ్బరి చెట్టుకు, ఒక కొసను నడుముకు కట్టుకున్నాడు. గింజలేరే బుట్టకు ఇంకో మోకు కట్టి కొస మా చేతికిచ్చి, గోనె పరిచిన ఆ బుట్ట పట్టుకుని దిగాడు. వాడు దిగుతుంటే గోడ నుంచి ఇసుక రాలుతూనే ఉంది. "బేగీ రారా," అని మా ఆయన పైనుంచి అంటూనే ఉన్నాడు. టైగరు కంతకు దూరంగా గడ్డం నేలకానించి పడుకుంది. ఒళ్లంతా వణుకుతోంది గానీ నోరు మెదపలేదు. జీడీ బుడ్డోడూ దాన్ని ఆనుకుని అలాగే పడుకున్నారు. అంతసేపూ బుడ్డోడు కూడా కిక్కురుమనలేదు.

"లాగండి!" అని కింది నుంచి కేక వచ్చింది. మేమిద్దరం లాగాం. అరచేతులు కోసుకుపోయాయి. ముందు బుట్ట అంచు, తర్వాత రెండు తెల్లటి కళ్లు, నుదుట మచ్చ కనిపించాయి. ఒళ్లు తడిసి ముద్దయింది, ముందుకాలు ఒకటి వేలాడుతోంది. ఇసుక మీద దించగానే టైగరు వచ్చింది. మొదట దాని కళ్లు నాకింది. తర్వాత చెవి నాకింది, తను కరిచిన చోటే. కన్నయ్య పైకి వచ్చి, ఇసుక దులుపుకుంటూ వాటికి చేతులెత్తి దండం పెట్టాడు.

నేను వాటి మధ్యకు పోయి కూర్చుని టైగరు మెడ పట్టుకుని ఏడ్చాను. నలభై ఏళ్ల కాపురంలో మా ఆయనకు కూడా ఎప్పుడూ చెప్పని మాట చెప్పాను.

"తప్పయిపోనాది నాయినా. నాకు తెల్దు. తప్పయిపోనాది."

మా ఆయన కళ్లు తుడుచుకుంటూనే కన్నయ్య వైపు తిరిగాడు. "ఇన్నావా? రేపు కాదంటాది. నువ్వే సాచ్చికం."

ఆటోలో చుక్కను పలాస తీసుకెళ్లాం. కాలు విరగలేదు, బెణికిందని డాక్టరు కట్టు కట్టి పంపాడు. తిరిగొచ్చాక మధ్యాహ్నం కుక్కలు నాలుగూ ఎప్పట్లాగే జీడినీడలో కుప్పగా పడుకున్నాయి. నేను చాప వేసుకున్నాను గానీ నడుం వాల్చలేకపోయాను. ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

ఆ నుయ్యిని నుయ్యిగా బాగా ఎరిగినది చుక్క ఒక్కటే. తిత్లీ నాటికి టైగరు ఏడాది పిల్ల. ఆ తర్వాత ఒక రోజు చుక్క దాన్ని మెడ పట్టి ఇసుకలో పడెయ్యడం నాకు గుర్తుంది. సొంత పిల్లను చంపేస్తావటే అని చుక్కను తిట్టడమూ గుర్తుంది. జీడి వచ్చిన కొత్తలో టైగరు దాన్ని అలాగే తోసింది. మొన్న మొన్న బుడ్డోడిని జీడి తోసింది. ప్రతిసారీ నేను తిట్టాను. జీడి ఆ నుయ్యిని ఏనాడూ చూడలేదు. బుడ్డోడు పుట్టేనాటికి దాని ఆనవాలే లేదు. అయినా చుక్కకు తెలిసింది టైగరుకు, టైగరుకు తెలిసింది జీడికి, జీడికి తెలిసింది ఐదు నెలల పసివాడికి చేరింది. ఒక్క మాట లేకుండా చేరింది. చివరికి ముసలితనంతో చుక్కే ఆ సంగతి మరిచిపోతే, అది ఎవరికి నేర్పిందో వాళ్లే దానికి తిరిగి చెబుతూ వచ్చారు. రోజుకు రెండుసార్లు చెప్పారు, నేను తిడుతున్నా చెప్పారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. మోటారుకు వెళ్లే మా కాలిదారి ఆ చోట విల్లులా వంగి ఉంటుంది. అక్కడ ఎందుకు వంగిందో మేం ఏనాడూ ఆలోచించలేదు. ఏడేళ్లుగా కుక్కల వెనక నడిచి నడిచి ఆ వంపు వేసింది మా కాళ్లే. దారి మాదే అనుకున్నాం. మమ్మల్ని నడిపించింది అవి. దేవుడి ముందు కూడా గబగబా చేతులు జోడించి వచ్చేసే మనిషిని నేను. ఆ రోజు నిద్రపోతున్న నాలుగు కుక్కల ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ప్రవల్లిక నా చేతిలోంచి గరిటె ఎందుకు తీసుకుందో కూడా అప్పుడే కాస్త అర్థమైంది. ఆ రోజు బీపీ మాత్ర మరిచిపోయాను, పొయ్యి దగ్గర చెయ్యి వణికింది. అయినా ఆ పిల్ల అడిగి తీసుకోవాల్సింది. అది వేరే మాట.

మా ఆయన ఈసారి పూడ్చడంలో తొందరపడలేదు. కుళ్లిన దుంగల్ని మనుషుల్ని పెట్టి పైకి లాగించాడు. అడుగు నుంచి రాయీ గ్రావెలూ పోయించి, పొర పొరకూ నీళ్లు పెట్టి కూరించాడు. పైన ఇసుక పోశాక ట్రాక్టరును రెండుసార్లు నడిపించాడు. ఆ పనులు జరిగినన్నాళ్లూ కుక్కలు దారి వంపులో వరసగా కూర్చుని మేస్త్రీల్లా చూశాయి.

పదిహేను రోజులకు చుక్క కట్టు విప్పారు. మర్నాడు అంబలి తాగి, వాకిట్లో నిలబడి, గాలి వాసన చూసి, తోట చుట్టడానికి బయల్దేరింది. వెనక మిగతా మూడూ. ఆ రోజు నేనూ మా ఆయనా కూడా వెనకే నడిచాం.

వంపు దగ్గరికి వచ్చేసరికి చుక్క దారి తప్పి నేరుగా నూతి చోటికే పోబోయింది. టైగరు ముందుకు వచ్చి భుజంతో ఆపింది. పూడ్చేశాం కదరా, వెళ్లనీ అందామని నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకున్నాను.

టైగరు కొత్త ఇసుక అంచున వాసన చూసింది. ఒక కాలు పెట్టి, తీసింది. మళ్లీ పెట్టింది. రెండో కాలు పెట్టింది. ఒక్కో అడుగూ నొక్కి నొక్కి వేసుకుంటూ మధ్య దాకా వెళ్లింది. అక్కడ చెవి నేలకు వంచి నిలబడింది. ముందుకాళ్లు రెండూ ఎత్తి తన బరువంతా వేసి నేల మీద పడింది. ఇంకోసారి పడింది. అప్పుడు వెనక్కి వచ్చి, చుక్క పక్కన నిలబడి, జరిగి దారి ఇచ్చింది.

చుక్క నడిచింది. నుదుటి మచ్చ ముందుకు పెట్టుకుని, తోక కొద్దిగా ఎత్తి, ఆ నేల మీదుగా నేరుగా నడిచింది. ఎవరూ తొయ్యలేదు. దాని వెనక జీడి నడిచింది. బుడ్డోడు మాత్రం వంపులోనే ఆగి కుయ్యిమన్నాడు. నేర్చుకున్న పాఠం వాణ్ని కదలనివ్వలేదు. టైగరు వాడి వెనక్కి పోయి మూతితో ముందుకు నెట్టింది. వాడు ఒక గెంతు గెంతి చుక్క దగ్గరికి పరిగెత్తాడు.

నేనింకా వంపులోనే నిలబడి ఉన్నాను.

"నడవ్వే. గట్టిగానే ఉన్నాది. ట్రాట్టరు తిరిగింది కాదేటి?" అన్నాడు మా ఆయన.

"ట్రాట్టరుకేటి తెలుసు?" అన్నాను.

టైగరు నా వైపు చూసింది. తిరిగి వచ్చింది. నా వెనక్కి పోయి, మోకాళ్ల వెనక భుజం ఆనించి, మెల్లగా తోసింది.

నేను నడిచాను.